గడప లేని ఇంటిపేరు

నేను ఒక మాటను. సైకిలైతే తన తుప్పు చూపించి, నాణెమైతే అరిగిన అంచు చూపించి కథ చెప్పుకుంటుంది. నాకు చూపించుకోవడానికి ఏమీ లేదు. ఎవరైనా నోరు తెరిచి పలికితే ఉంటాను, మూస్తే ఉండను. కావాలంటే మీరిప్పుడు ఒకసారి నన్ను మనసులో అనుకుని చూడండి: బ్యాడ్మింటన్. చూశారా, మీ పుణ్యాన ఒక్క క్షణం బతికాను.

నా పేరు వినగానే మీకు తెల్లటి ఈకల బంతీ, నెట్టూ, తీగలు బిగించిన బ్యాటూ గుర్తొచ్చి ఉంటాయి. "ఓ, ఆటా!" అనుకుని ఉంటారు. నా తికమకంతా అక్కడే మొదలవుతుంది. నేను పుట్టినప్పుడు ఆటను కాదు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళ పాటు కూడా కాదు. ఒక మనిషికి చెందినదాన్ని, పొలాన్ని, ఊరిని, బంగళాని, కొన్నాళ్ళు పానకాన్ని కూడా అయ్యాక, ఎప్పటికో ఆటనయ్యాను. ఇన్ని అయ్యాక ఇంతకీ నేనేమిటి? ఈ ప్రశ్నకి జవాబు ఈమధ్యనే తాడేపల్లిగూడెంలో, ఆషాఢమాసంలో, ఒక మామ్మగారి నోట దొరికింది. దొరికిందనే అనుకుంటున్నాను. మీరే విని చెప్పండి.

నా పుట్టుక గురించి నాకు తెలిసినదంతా ఒకరు చెప్పగా విన్నదే. మీ పుట్టుక గురించి మీకు తెలిసినదీ అంతే కదా! ఇంగ్లండులో పడమటి వైపు, ఎప్పుడు చూసినా సన్నగా జల్లు పడే పల్లెల్లో, వెయ్యేళ్ళకి పైమాట, ఒకాయన ఉండేవాడట. పేరు బాడుహెల్మ్. ఆయనకి కాస్త పొలం, చుట్టూ ఒక కంచె ఉండేవి. చుట్టుపక్కలవాళ్ళు ఆ చోటుని 'బాడుహెల్మ్ గారి పొలం' అన్న అర్థం వచ్చేలా తమ భాషలో పిలుచుకునేవారు. ఆ పిలుపే నేను. ఆయన పొడుగో పొట్టో, మంచివాడో కోపిష్టో నాకు తెలియదు. ఆయనా పోయాడు, కంచే పోయింది. ఆయన పేరులోని ముక్క మాత్రం నాలో ఉండిపోయింది. ఇప్పుడు గోపీచందనం బొట్టు పెట్టుకున్న పిల్లాడు బ్యాట్ భుజాన వేసుకుని నన్ను పలికినా, పాపం ఆ బాడుహెల్మ్‌ని పిలిచినట్టే. ఆయన మాత్రం పలకడు.

తర్వాత ఒక రాజుగారు తన రాజ్యంలో ఎక్కడెక్కడ ఏముందో చూసి రమ్మని మనుషుల్ని పంపాడు. నా దగ్గరకొచ్చినవాడికి జలుబు చేసిందో, ఆవులు అరుస్తుంటే సరిగా వినపడలేదో గానీ, నా మొదటి అక్షరం మార్చేసి 'మాడ్మిన్‌టూన్' అని రాసుకుపోయాడు. నేను పుట్టి ఇంకా కుదురుకోకముందే ఇలా వేరే మాటనైపోయాను. అప్పటి నుంచే నాకు నా మీద గట్టి నమ్మకం లేదు.

ఇంకా కొన్ని వందల ఏళ్ళు గడిచాక ఆ పొలాల మధ్య ఒక డ్యూకుగారి వంశం పెద్ద బంగళా కట్టింది. డ్యూకంటే మన జమీందారుకి నాలుగు మెట్లు పైన అనుకోండి. లెక్కలేనన్ని కిటికీలు, వేటకుక్కలు, గుర్రాలు, గోడల నిండా ముత్తాతల బొమ్మలు. ఊరికున్న నా పేరే బంగళాకీ పెట్టారు. అప్పుడు నాకు ఎంత గర్వమో! పొలంగాడిగా పుట్టి మహలునయ్యాను కదా. ఆ గర్వం కూడా ఎక్కువకాలం నిలవలేదు. ఎర్ర ద్రాక్షసారాయిలో చక్కెరా సోడా కలిపి తాగే అలవాటొకటి మొదలైంది. దానికీ నా పేరే పెట్టేశారు. పెద్దమనుషులు కూర్చుని "ఒక బ్యాడ్మింటన్ పట్రా" అంటే, నౌకరు గ్లాసు పట్టుకొచ్చేవాడు. అంటే నేను ఆటకన్నా ముందు పానకాన్ని. ఈ సంగతి పీటీ మాస్టర్లకి చెప్పకండి.

ఇక ఆట సంగతి. ఆ రోజుల్లో అక్కడి పిల్లలకి ఒక పాత ఆట ఉండేది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఈకలు గుచ్చిన చిన్న బెండుని చెక్కలతో కొట్టుకుంటూ, అది కింద పడకుండా చూసుకోవడం. అంతే. గెలిచేవాడు లేడు, ఓడేవాడు లేడు. పడిపోతే ఇద్దరూ "అయ్యో" అనేవారు. నాకు తెలిసిన ఆటలన్నిటిలోకీ నాకిష్టమైన ఆట అదే, అప్పటికి దానికీ నాకూ ఏ సంబంధమూ లేకపోయినా.

ఒకరోజు ఆ బంగళాలో బయట వాన కురుస్తోందనీ, వచ్చిన చుట్టాలకి తోచక హాల్లోనే అడ్డంగా తాడు కట్టి ఈ ఆట ఆడారనీ, అలా నేను ఆటనయ్యాననీ చెప్పుకుంటారు. "నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావుగా, నీకు తెలియదా?" అని మీరడగొచ్చు. తెలియదు. ఇంట్లో ఏం జరుగుతోందో ఇంటి పేరుకి ఎవరు చెబుతారు?

పైగా ఇంకో కథ ఉంది. అది మన పూనాది. అక్కడి దండులో ఉన్న తెల్లదొరలు అప్పటికే నెట్టు కట్టి ఈ ఆటని మహా సరదాగా ఆడుకునేవారట. దాన్ని 'పూనా' అనే పిలిచేవారట. తంజావూరు వైపు గాలికి ఈకలు ఆగకపోతే ఉన్ని బంతితో ఆడేవారట. సెలవు మీద ఓడెక్కిన దొరల వెంట ఆట అటు వెళ్ళింది. కొన్నాళ్ళకి అదే ఆట నా పేరు తగిలించుకుని ఇటు తిరిగొచ్చింది. ఆట ఇక్కడిది, పేరు అక్కడిది. లేక ఆట అక్కడిదేనా? నాకూ దానికీ ముడి ఎక్కడ పడిందో, ఎవరు వేశారో, నేను ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పూనా అనే అమ్మాయి డ్యూకుగారింటికి కోడలుగా వెళ్ళి ఇంటిపేరు మార్చుకుని పుట్టింటికి వచ్చినట్టుంది వ్యవహారం. ఈ పోలిక నాది కాదు. ఎవరిదో ముందు ముందు చెబుతాను.

తెలుగునేల మీదకి నేను కలెక్టర్ల క్లబ్బుల్లోంచి దిగాను. తర్వాత కాలేజీలకీ, బడులకీ, వీధుల్లోకీ వచ్చాను. చేతిలో ఉన్నది బ్యాట్ కాబట్టి చాలామంది నన్ను 'బ్యాట్మింటన్' చేసేసుకున్నారు. ఇంకొందరు అంత కష్టం కూడా పడకుండా 'షటిల్' అని ఊరుకున్నారు. ఆ షటిల్ నాకు తోడికోడలు లాంటిది. పని నాది, పిలుపు దానిది. ఇన్ని అవతారాల తర్వాత నేను ఇక ఎవరినీ ఏమీ అడగడం మానేశాను. ఎవరేమంటే అదే నేను అనుకుని కాలం గడుపుతున్నాను.

అలాంటి సమయంలో నేను చిక్కాల వారి డాబా మీద ఒక పెళ్ళిచూపుల్లో పడ్డాను.

పెళ్ళికూతురు తన్మయి. ఎమ్మెస్సీ చదివింది, కాలేజీ జట్టులో ఆడింది. పెళ్ళికొడుకు పసుపులేటి నిరంజన్, డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్. పెద్దవాళ్ళు "ఇద్దరూ కాసేపు మాట్లాడుకోండి" అని డాబా మీదకి పంపారు. నిరంజన్ గొంతు సవరించుకుని, ఉద్యోగానికి వచ్చినవాళ్ళని అడిగినట్టు "మీకు ఖాళీ సమయంలో ఏం చెయ్యడం ఇష్టం?" అన్నాడు.

"బ్యాడ్మింటన్" అంది తన్మయి.

"నిజంగానా, ఊరికే చెబుతున్నారా?"

"బ్యాట్లు తెమ్మంటారా?"

పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ అమ్మాయి కొట్టిన దెబ్బకి ఈకల బంతి పక్కింటి రేకుల మీద పడింది. చూపులకొచ్చిన పెళ్ళికొడుకు ఇస్త్రీ ప్యాంటుతో పిట్టగోడెక్కి, కర్రతో దాన్ని లాగుతూ ఉంటే మెట్ల మీంచి తన్మయి మామ్మ మాణిక్యం చూసి, "సంబంధం కుదిరినట్టేనర్రా" అని కిందకి కేకేసింది.

వైశాఖంలో పెళ్ళయింది. జ్యేష్ఠమంతా ఇద్దరికీ నేల మీద కాలు నిలవలేదు. టీలో బిస్కెట్టు విరిగి పడిపోయినా నవ్వే, కరెంటు పోయినా నవ్వే. ఇంతలో ఆషాఢం రానే వచ్చింది.

కొత్త పెళ్ళికూతురు ఆషాఢంలో పుట్టింట ఉండాలన్నది మీకు తెలిసినదే. అత్తా కోడళ్ళు ఒక గడప దాటకూడదు, కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. మాణిక్యమ్మ చట్టం ఇంకా గట్టిది. ఆలుమగలు ఒక గడప దాటనూ కూడదు, ఒక కప్పు కింద ఉండనూ కూడదు. ఇందులో తమాషా ఏమిటంటే తన్మయి పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ తాడేపల్లిగూడెమే. రైలు గేటుకి ఇటొకటి, అటొకటి. గేటు పడితే ఇటు స్కూటరు మీద తన్మయి, అటు బండి మీద నిరంజన్, మధ్యలో గూడ్సు బండి. పెట్టెలు వెళ్ళిపోయేవరకూ ఇద్దరూ సందుల్లోంచి చేతులూపుకోవడమే.

"సినిమాకి వెళ్ళొస్తాం మామ్మా" అంది తన్మయి.

"హాలుకి గుమ్మం లేదటే?"

"పోనీ హోటల్‌కి?"

"కప్పు లేదూ? నెల్లాళ్ళే కదే, కొంపలేం మునిగిపోవు. మా రోజుల్లో మీ తాతగారి మొహం నాకు ఆషాఢం అయ్యేసరికి గుర్తుండేది కాదు."

"అందుకేనా మామ్మా, తాతయ్యని ఎప్పుడూ 'ఎవరూ?' అని అడిగేదానివి?"

మామ్మ నవ్వింది గానీ మాట మార్చలేదు. తన్మయి రెండ్రోజులు ముభావంగా ఉండి, మూడోనాడు పొద్దున్నే మామ్మ మంచం మీద ఎక్కి కూర్చుంది.

"మామ్మా, పార్కు వెనక బ్యాడ్మింటన్ కోర్టుంది. దానికి గడప లేదు. గుమ్మం లేదు. పైన కప్పు లేదు. నేల మీద నాలుగు సున్నం గీతలు. దాంట్లో ఆడుకోవచ్చా?"

మామ్మ చాలాసేపు ఆలోచించింది. తలుపు రెక్కల గురించి అడిగింది, లేవంది తన్మయి. అరుగుందా అంది, లేదంది. "అయితే అది బయలే కదే. బయట నిలబడ్డవాళ్ళని ఏ ఆషాఢం ఏమంటుంది? వెళ్ళండి" అంది.

ఆ మర్నాడు పొద్దున్న కోర్టు దగ్గర వాళ్ళ హడావిడి చూడాలి! కోర్టు చూసుకునే అప్పన్న దగ్గర ఒక పలక ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడో, ఇంటిపేర్లతో సుద్దముక్కతో రాసి స్తంభానికి తగిలిస్తాడు. గుత్తుల వారు, వెలగా వారు, అలాగ.

"ఏ వారమ్మా?" అన్నాడు.

"చిక్కాల" అంది తన్మయి. అని నాలిక కరుచుకుని "కాదు, కాదు, పసుపులేటి" అంది. అని నిరంజన్ మొహం చూసి, "మరి ఇప్పుడు నేను మా పుట్టింటి నుంచి కదా వచ్చాను? అప్పుడు చిక్కాలే అవుతుందా?" అంది.

"నీ ఇష్టం" అన్నాడు నిరంజన్.

"నా ఇష్టమేమిటండీ, మీరు లెక్చరర్ కదా, మీరు చెప్పాలి!"

"నేను చెప్పేది చరిత్రమ్మా. ఇది వర్తమానం."

అప్పన్న సుద్దముక్కని పలక మీద టకటకలాడించాడు. "తేల్చుకోండి, ఎనకాల జనం ఉన్నారు" అని, వాళ్ళు తేల్చుకోలేకపోతుంటే విసుగొచ్చి, పలక మీద 'బ్యాడ్మింటన్ వారు' అని గీకేశాడు. అక్కడికొచ్చేవాళ్ళందరూ బ్యాడ్మింటన్ వారే! అయినా ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ అదే పేరు స్థిరపడిపోయింది. ఆ సుద్ద గీతల్లో నన్ను నేను చూసుకుని ఏమనుకోవాలో నాకు తెలియలేదు. నా బతుకులో ఎవరూ నన్ను ఒక మనిషి ఇంటిపేరు చోట పెట్టలేదు.

రోజూ గాలి లేవకముందు అరగంట ఆడేవారు. ఆషాఢం కదా, తన్మయి చేతులు గోరింటాకుతో ఎర్రగా పండి ఉండేవి. ఆ గోరింటాకు అత్తగారు ఉమాదేవి తన పెరట్లో కోసి, కొడుకు చేత పంపినదే. దాని రంగు అంటి బ్యాట్ పిడికి చుట్టిన తెల్లగుడ్డ కాస్తా నారింజ రంగుకి తిరిగింది. మొదటి రెండ్రోజులు పాయింట్లు లెక్కపెట్టారు. మూడోరోజుకి ఆ మాటే మర్చిపోయారు. ఈకల బంతి కింద పడితే ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అనేవారు. ఆ మాట నేనెక్కడో విన్నాననిపించేది.

ఇంత బాగా జరుగుతున్నదాన్ని పాడుచేసింది నిరంజనే. చదువుకున్నవాడు కదా, తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయాడు.

ఒక సాయంత్రం కొత్త ఈకల బంతుల డబ్బా ఇవ్వడానికి అత్తారింటి గేటు దాకా వచ్చాడు. లోపలికి రాకూడదు కాబట్టి వీధిలోనే నిలబడ్డాడు. మామ్మ అరుగు మీద ఉంది. అల్లుడికి మర్యాద తక్కువ కాకూడదని కాఫీ గ్లాసు గేటు మీంచే అందించింది. అతను వీధిలో నిలబడి కాఫీ తాగుతుంటే, వెళ్ళే వచ్చేవాళ్ళందరూ చూసి నవ్వుకుంటూ పోతున్నారు.

"ఆ ఆటేదో అమ్మాయికి మహా ఇదిగా ఉంది అల్లుడుగారూ. ఏవిటి దాని పేరు? నోరు తిరగదు" అంది మామ్మ.

అంతే. లెక్చరర్‌గారు గ్లాసు గేటు స్తంభం మీద పెట్టి మొదలుపెట్టాడు. బాడుహెల్మ్ పొలం దగ్గర్నుంచి డ్యూకుగారి వాన దాకా, పూనా దొరల దాకా, నా చరిత్రంతా ఏకరువు పెట్టాడు. పూనా అమ్మాయి డ్యూకుగారింటి కోడలై ఇంటిపేరు మార్చుకుందన్న పోలిక అతనిదే. మామ్మకి అర్థమయ్యేలా చెప్పాలని ఉత్సాహం. లోపల్నుంచి తన్మయి కళ్ళతో ఎంత సైగ చేసినా అతను చూడలేదు. నేను మాత్రం పొంగిపోయాను. నా జన్మలో నన్ను గురించి అంతసేపు మాట్లాడినవాడు లేడు.

అంతా విని మామ్మ నెమ్మదిగా అడిగింది.

"అయితే అది ఇల్లన్నమాట."

"అవును మామ్మగారూ. పెద్ద బంగళా."

"అత్తలూ కోడళ్ళూ ఉండేవారా అందులో?"

"ఎందుకుండరండీ! తరతరాలుగా ఉన్నారు."

"గుమ్మాలున్నాయా?"

"ఒకటా రెండా!" అన్నాడు నిరంజన్, గొప్పగా.

"హమ్మయ్య, ఇప్పటికైనా చెప్పారు. తన్మయీ, రేపట్నుంచి ఆట మానెయ్యవే."

గేటు స్తంభం మీద నిరంజన్ కాఫీ సగంలోనే చల్లారిపోయింది.

ఆ తర్వాత తన్మయి ఫోనులో అతనికి పెట్టిన చివాట్లు నేను విన్నాను. "నోరు మూసుకుని కాఫీ తాగి వెళ్ళిపోతే ఏం పోయేదండీ? గుమ్మాలు ఒకటా రెండా అట! మీరు వెళ్ళి లెక్కపెట్టారా?"

"అడిగారు, చెప్పాను..."

"మిమ్మల్ని పరీక్షలో అడిగినట్టు అన్నీ చెప్పేస్తారా! ఇంకా సగం నెల ఉంది. గూడ్సు బండి మధ్యలో చేతులూపుకుందాం రండి."

ఆమె గొంతు చివర్లో కొంచెం వణికింది. నవ్వులే తెలిసిన ఆ పిల్ల గొంతు అలా వినడం నాకు మొదటిసారి. ఎవరి వల్ల? నా వల్ల. నేను ఇల్లు కాదని అరవాలనిపించింది. కానీ నేను ఇల్లు కాదా? కిటికీలూ కుక్కలూ గోడ మీద బొమ్మలూ నావేగా! పోనీ ఇల్లే అందామంటే, ఆ పార్కు వెనక మట్టి మీద పొద్దున్నే ఎగిరేది ఏమిటి? ఇన్ని వందల ఏళ్ళలో తేలని సంగతి, మామ్మ పడుకునేలోపు నేనెలా తేల్చగలను?

తన్మయి మామ్మతో వాదనకి దిగింది. "మామ్మా, మైసూర్‌పాక్ తింటే మైసూరు వెళ్ళినట్టా?"

"మైసూర్‌పాక్‌కి గుమ్మాలున్నాయని ఎవరూ చెప్పలేదే నాకు."

"కోర్టుకీ లేవు! నువ్వొచ్చి చూడు. ఒక్క గడప కనపడినా నేను నెలంతా నీ మంచం దగ్గరే కూర్చుంటాను."

మామ్మకి ఆ మాట న్యాయంగా తోచింది. మర్నాడు పొద్దున్నే ఆటోలో బయల్దేరింది, గొడుగుతో సహా. ఆకాశం మబ్బేసి ఉంది. నిరంజన్ అప్పటికే వచ్చి, తప్పు చేసిన విద్యార్థిలా అవతలి మూల నిలబడ్డాడు.

మామ్మ గొడుగుని కర్రలా పొడుచుకుంటూ కోర్టు చుట్టూ తిరిగింది. ప్రతి సున్నం గీతనీ కాలి బొటనవేలితో తడిమింది. ఎత్తుగా ఏమీ తగల్లేదు. తర్వాత నెట్టు దగ్గర ఆగింది.

"ఇదేవిటి, అడ్డంగా?"

"నెట్టు మామ్మా."

"దీన్ని దాటతారా?"

"అమ్మో, ముట్టుకున్నా పాయింటు పోతుంది" అంది తన్మయి.

మామ్మ ఆ వలని గొడుగు కొనతో ఒకసారి కదిపి చూసింది. అలా నడుచుకుంటూ స్తంభం దగ్గరకెళ్ళి పలక వైపు చూసింది. కళ్ళజోడు తెచ్చుకోలేదు. "ఏం రాశావయ్యా?" అని అప్పన్నని అడిగింది.

"ఆటకొచ్చినోళ్ళ ఇంటిపేర్లమ్మా. గుత్తుల వారు, వెలగా వారు, బ్యాడ్మింటన్ వారు."

"ఆ బ్యాడ్మింటన్ వారెవరు?"

"మీ మనవరాలూ, ఆరి పెనిమిటీ. ఏ పేరంటే తేల్చుకోలేకపోయారు. నేనే ఎట్టేశాను."

మామ్మ పలక వదిలి వెనక్కి తిరిగింది. మనవరాలి వంక చూసింది. చిక్కాలా, పసుపులేటా అని తేలని మనిషి గోరింటాకు చేతులతో బ్యాట్ పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంది.

"నాక్కూడా చాలాకాలం తేలలేదే" అంది మామ్మ. "కొత్తలో ఎవరైనా చిక్కాల మాణిక్యం అంటే, ఎవరినో అనుకునేదాన్ని. పుట్టింటికెళ్ళి మా పాత పేరుతో పిలిస్తే అప్పుడూ పలికేదాన్ని కాదు. ఎటూ కానట్టుండేది."

అని నిరంజన్ వైపు తిరిగింది. "ఏవండీ అల్లుడుగారూ, పూనా అమ్మాయి ఇంటిపేరు మార్చుకుందన్నారు కదా?"

"అ... అన్నానండీ" అన్నాడు. ఈసారి ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

"మరి అది ఇల్లెలా అవుతుందండీ? ఇల్లు అక్కడే, దొరగారి ఊళ్ళోనే ఉంది. దాని గుమ్మాలూ అక్కడే ఉన్నాయి. ఇక్కడికొచ్చింది ఉత్త ఇంటిపేరు. ఇంటికి గడపుంటుంది గానీ, ఇంటిపేరుకి గడపెక్కడిది? ఎవరితో పడితే వాళ్ళతో, ఎక్కడికంటే అక్కడికి వస్తుంది. ఆడుకోండి."

తన్మయి ఒక్క గెంతు గెంతింది. మామ్మ గొడుగెత్తి ఆపింది. "ఆగవే. ఆ వల మాత్రం దాటకూడదు. ఆయన అటే, నువ్విటే. ముట్టుకుంటే పాయింటే కాదు, ఆషాఢం కూడా పోతుంది."

సరిగ్గా అప్పుడు స్కూటరు వచ్చి ఆగింది. ఉమాదేవి. చేతిలో స్టీలు గిన్నె నిండా నూరిన గోరింటాకు. కొడుకు ఆట ఆగిపోయిందని దిగాలుగా ఉంటే, కోడల్ని చూసి పదిహేను రోజులైందని గుర్తొచ్చి, ఆగలేక వచ్చేసింది. వచ్చిందే గానీ సున్నం గీత దగ్గర కాలెత్తి అలాగే ఆగిపోయింది.

"పిన్నిగారూ, నేను లోపలికి రావచ్చా?"

"రా అమ్మా, రా. ఇది ఇల్లు కాదు, ఉత్త ఇంటిపేరే" అంది మామ్మ, ఆ సంగతి తనకి పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు.

ఆవిడ గీత దాటిందో లేదో వాన మొదలైంది. ముందు చినుకులు, తర్వాత జోరు. ఉమాదేవి గిన్నె మీద కొంగు కప్పుకుని మామ్మ గొడుగు కిందకి దూరింది. అప్పన్న పలకని చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. కోర్టులో మిగిలింది వాళ్ళిద్దరే. ఈకల బంతి తడిసి ముద్దయి బురదలో పడి ఉంది. తన్మయి ఇటు, నిరంజన్ అటు, మధ్యలో నీళ్ళు కారుతున్న నెట్టు. ఇద్దరూ ఏదో చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు.

"ఆట ఆడుతున్నారా లేదా?" అని గొడుగు కింద నుంచి మామ్మ కేకేసింది.

"ఆడుతున్నాం మామ్మా!" అన్నారిద్దరూ.

ఎగిరే బంతి లేదు, ఊగే బ్యాట్ లేదు, లెక్క లేదు. అయినా అది ఆటేనట. గోడ లేదు, కప్పు లేదు, గుమ్మం లేదు. అయినా అందరూ లోపలే ఉన్నట్టున్నారు. డ్యూకుగారి హాల్లో ఆ రోజు వాన పడిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఈ వాన మాత్రం నేను చూశాను.

శ్రావణం వచ్చింది. తన్మయి కుడికాలు ముందు పెట్టి అత్తారింటి గడప దాటింది. సినిమాలూ హోటళ్ళూ అన్నీ తెరుచుకున్నాయి. ఇక కోర్టుకి రారేమో, నన్ను మర్చిపోతారేమో అని నాకు లోపల బెంగగానే ఉంది. మాటలకి ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే ఒకే బండి మీద వచ్చారు. అప్పన్న పలక తుడిచి, సుద్దముక్క పట్టుకుని అడిగాడు.

"ఇప్పుడు తేలిందా అమ్మా? ఏ వారని రాయమంటారు?"

వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుని, ఒకేసారి నన్నే పలికారు.